బత్తాయి తొక్కకు సున్నం పట్టిస్తే: నీళ్లలోని రాగిని పట్టే పొడి ఎలా చేయాలి

ఎండాకాలం సాయంత్రం హన్మకొండ చౌరస్తాలో ఏ జ్యూస్ బండి దగ్గర ఆగినా పక్కనే బస్తా నిండా బత్తాయి తొక్కలు ఉంటాయి. అడిగితే ఊరికే ఇస్తారు, పారబోసే పని తప్పిందని సంతోషిస్తారు కూడా. ఆ తొక్కను ఎండబెట్టి, సున్నం పట్టించి, బాగా కడిగితే నీళ్లలో కరిగి ఉన్న రాగి, సీసం లాంటి లోహాలను పట్టి ఉంచుకునే పొడి తయారవుతుంది. నేను హైస్కూల్ పిల్లలకు రసాయన శాస్త్రం చెప్తాను. సైన్స్ ఫెయిర్ కోసం మొదలుపెట్టిన ఈ పనిని నాలుగేళ్లుగా ప్రతి ఏడాదీ చేయిస్తున్నాను. మేం చేసిన తప్పులతో సహా రాస్తున్నాను, మీకు మొదటిసారే సరిగ్గా రావాలని.

ముందే ఒక మాట. ఈ పొడితో వడకట్టిన నీళ్లు తాగొద్దు. తాగే నీళ్లలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదని మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 చెప్తుంది. లెక్క వేసి చూడండి: ఒక్క గ్రాము సీసం చాలు, లక్ష లీటర్ల నీళ్లను ఆ హద్దు దాకా తెచ్చేస్తుంది. 5,000 లీటర్ల ట్యాంకర్లు 20 అన్నమాట. అంత తక్కువ సీసం కంటికి కనిపించదు, నాలుకకు తెలియదు. మరిగిస్తే లోహం పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. క్లోరిన్ బిళ్ల సూక్ష్మజీవులను చంపుతుందే తప్ప లోహాన్ని ఏమీ చేయదు. మీ బోరు నీళ్ల మీద అనుమానం ఉంటే ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లను పరిశీలించి గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు పంపండి. రిపోర్టు వచ్చేదాకా తాగడానికి, వంటకు మిషన్ భగీరథ నల్లా నీళ్లు పట్టుకోండి. నేను చెప్పబోయే పొడి స్కూలు, కాలేజీ ప్రయోగాలకు పనికొస్తుంది. ఇత్తడి, రాగి సామాను కడిగే చిన్న పనివాళ్ల దగ్గర మిగిలే నీళ్లలో లోహం తగ్గించడానికి కూడా పనికొస్తుంది.

ఫ్లోరైడ్ పోతుందా సార్ అని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు. మన జిల్లాల్లో ఆ భయం ఎంత ఉందో నాకు తెలుసు. కానీ పోదు. ఫ్లోరైడ్ లోహం కాదు, పైగా దానికి ఋణావేశం ఉంటుంది. ఈ పొడి ధనావేశం ఉన్నవాటినే పట్టుకుంటుంది. ఆరు సంయోజకత ఉన్న క్రోమియం కూడా నీళ్లలో ఋణావేశ రూపంలోనే తిరుగుతుంది, ఆర్సెనిక్ ఋణావేశంతో గానీ ఏ ఆవేశమూ లేకుండా గానీ ఉంటుంది. వాటికి వేరే పద్ధతులున్నాయి, ఈ పొడి మీద ఆశ పెట్టుకోవద్దు.

సున్నం ఎందుకు

బత్తాయి తొక్క లోపలి తెల్లటి మెత్తటి భాగంలో పెక్టిన్ ఉంటుంది. జామ్ గడ్డకట్టేది దీనివల్లే. పెక్టిన్ ఒక పొడవాటి గొలుసు. దాని ప్రతి కొక్కెం ఒక ఆమ్ల సమూహం. లోహ అయాన్‌ను, అంటే నీళ్లలో కరిగి ధనావేశంతో తిరిగే లోహాన్ని, పట్టుకునేది ఆ కొక్కేలే. పచ్చి తొక్కలో చాలా కొక్కేలకు మిథైల్ అనే తొడుగు ఉంటుంది, అందుకే అవి పని చేయవు. సున్నం నీళ్లలో నానబెడితే ఆ తొడుగు ఊడిపోతుంది. ఖాళీ అయిన కొక్కేనికి సున్నంలోని కాల్షియం వచ్చి తగులుకుంటుంది. తర్వాత రాగి గానీ సీసం గానీ వస్తే కాల్షియాన్ని తోసేసి తాను కూర్చుంటుంది.

కాల్షియం ఇంకో మేలు కూడా చేస్తుంది. పక్కపక్క గొలుసులను కలిపి కట్టేస్తుంది కాబట్టి పెక్టిన్ నీళ్లలో కరిగిపోదు. పచ్చి తొక్క పొడితో మేం మొదట ప్రయత్నించినప్పుడు నీళ్లు పసుపు రంగుకు తిరిగాయి, రెండో రోజుకు పులిసిన వాసన వచ్చింది. లోహం ఎంత పోయిందో గానీ, చక్కెర, రంగు, జిగురు వచ్చి కలిశాయి. తొక్కను ఉన్నదున్నట్టు వాడకుండా ఇంత కష్టపడి మార్చడం అందుకే. జపాన్‌లో సాగా విశ్వవిద్యాలయం వాళ్లు నారింజ రసం తీయగా మిగిలిన పిప్పికి ఇలాగే సున్నం పట్టించి లోహాల మీద పరిశోధనలు చేశారు. సోడియం హైడ్రాక్సైడ్ వాడే పద్ధతులు కూడా ఉన్నాయి. పిల్లల చేతికి కాస్టిక్ సోడా ఇవ్వడం నాకు ఇష్టం లేదు, సున్నం మనకు తెలిసిన వస్తువు.

పొడి తయారీ

కిలో పచ్చి తొక్క తెచ్చుకోండి. ఎండితే 200 గ్రాముల పైచిలుకు మిగులుతుంది. తెచ్చిన రోజే కడిగి, అంగుళం ముక్కలు కోసి, డాబా మీద గుడ్డ పరిచి ఆరబెట్టాలి. మన మే నెల ఎండకు రెండు రోజుల్లో విరిస్తే టప్పున విరిగేలా అవుతుంది. వానాకాలం ఈ పని పెట్టుకోవద్దు, మూడో రోజుకే బూజు పడుతుంది. బూజు పట్టిన తొక్కను పారేయాల్సిందే.

ఎండిన ముక్కలను మిక్సీలో వేయండి. ఇంట్లో వంటకు వాడే జార్ వద్దు, పాతది ఒకటి దీనికే పెట్టుకోండి. పిండిలా కాకూడదు, బొంబాయి రవ్వలా ఉండాలి. మరీ మెత్తగా ఉంటే వడపోత దగ్గర బంకలా అడ్డుపడుతుంది. జల్లెడ పట్టి, కిందికి దిగిన మెత్తటి పొడిని, పైన మిగిలిన పెద్ద ముక్కలను పక్కన పెట్టి, మధ్య రకం తీసుకోండి.

ఈ రవ్వను చల్లటి నీళ్లలో మూడు నాలుగు సార్లు, పసుపు రంగు తేలికయ్యేదాకా కడగండి. వేడి నీళ్లు పోసి మరిగిస్తే తొందరగా శుభ్రపడుతుందని కొందరు అంటారు. మరిగించకండి. మనకు కావాల్సిన పెక్టిన్ కూడా ఆ నీళ్లతో పాటే కొట్టుకుపోతుంది.

ఇప్పుడు సున్నం. ఎండు బరువు 50 గ్రాముల రవ్వకు 5 గ్రాముల తడిసి ఆరిన సున్నం పొడి, ఒక లీటరు నీళ్లు. గోడలకు వేసే సున్నంలో నీలిమందు, జిగురు కలిపి ఉంటాయి కాబట్టి అది వద్దు. రాళ్ల సున్నం అసలే వద్దు, నీళ్లు తగలగానే కుతకుత ఉడికి ఎగజిమ్ముతుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు పెట్టుకున్నాకే సున్నం ముట్టుకోవాలి. కంట్లో పడితే నలపకుండా ధారగా నీళ్లు పోసి కడిగి, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

ప్లాస్టిక్ బకెట్‌లో సున్నం కలిపిన నీళ్లు పోసి, రవ్వ వేసి, కర్రతో కలిపి మూత పెట్టండి. ఒక రోజంతా ఉంచి, మధ్యమధ్య కలుపుతూ ఉండాలి. నాలుగైదు గంటలకోసారి పీహెచ్ పేపర్ ముంచి చూడండి. పీహెచ్ అంటే నీళ్లు ఆమ్లమో క్షారమో చెప్పే అంకె, 7 కన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. 10కి తగ్గితే ఇంకో చిటికెడు సున్నం వేయండి. నీళ్లు ముదురు పసుపు రంగుకు తిరుగుతాయి, కంగారు పడొద్దు. రవ్వ ఉబ్బి, వేళ్ల మధ్య నలిపితే సగ్గుబియ్యం లాగా సాగుతుంది. అలా తగిలితే పని జరుగుతున్నట్టే.

తర్వాత వచ్చేది కడగడం. అందరూ తొందరపడేది ఇక్కడే, అసలు ప్రయోగం పాడయ్యేదీ ఇక్కడే. గుడ్డలో వేసి పిండి, మళ్లీ నీళ్లు పోసి, మళ్లీ పిండి, కడిగిన నీళ్ల పీహెచ్ 8కి దిగేదాకా చేయండి. ఏడెనిమిది సార్లు పడుతుంది. గాలికి సున్నం కొంత సుద్దగా మారి రవ్వకు అంటుకుని ఉంటుంది, అది ఉత్త నీళ్లకు పోదు. లీటరు నీళ్లలో రెండు చెంచాల వెనిగర్ కలిపి, అందులో పావుగంట ఉంచి, మళ్లీ మంచినీళ్లతో రెండుసార్లు కడగండి. చివరి నీళ్లు 6, 7 మధ్య ఉండాలి. నీడలో ఆరబెట్టి గాజు సీసాలో పోసుకోండి.

కడగడం గురించి ఇంత ఎందుకు చెప్తున్నానంటే

మొదటి ఏడాది లీటరుకు 2 గ్రాముల మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కలిపి, లేత ఆకాశం రంగులో ఉన్న ఆ నీళ్లలో మా పొడి వేశాం. పది నిమిషాల్లో నీలం మాయమైంది. పైన నీళ్లు తేటగా, అద్దంలా ఉన్నాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు, నాకూ గర్వంగా అనిపించింది. చార్టు మీద 99 శాతం అని పెద్ద అక్షరాలతో రాయించాను. మర్నాడు ఫెయిర్. అంతా సర్దుతుంటే తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి బీకరు పైకెత్తి అడుగు భాగం చూస్తూ నిలబడింది. పొడి గింజల మధ్య లేత నీలం తునకలు, పెరుగు విరిగినట్టు. "సార్, మా బాపు మిర్ప నారుకు పోసే మందు గిట్లనే ఉంటది" అంది.

ఆ మందు బోర్డో మిశ్రమం. మైలుతుత్తం, సున్నం కలిపితే వచ్చేది. మేం పొడిని సరిగ్గా కడగలేదు. అందులో మిగిలిన సున్నం నీళ్ల పీహెచ్ పెంచింది, రాగి హైడ్రాక్సైడ్‌గా విడిపోయి అడుగున పడింది. తొక్క పట్టుకున్నది ఎంతో, సున్నం దించింది ఎంతో మా దగ్గర లెక్కే లేదు. ఆ తునకల్లో కొంచెం వెనిగర్ పోస్తే నిమిషంలో కరిగి, పోయిందనుకున్న నీలం మళ్లీ నీళ్లలోకి వచ్చింది. ఆ రాత్రి చార్టు మార్చాం. ఫెయిర్‌లో ఆ అమ్మాయే నిలబడి, తప్పు ఎలా దొరికిందో చెప్పింది.

అప్పటినుంచి మా దగ్గర ఒక్క గ్లాసుతో పరీక్ష ఉండదు. ఎప్పుడూ మూడు గ్లాసులు పెడతాం. ఒకదాంట్లో పొడి, ఉత్త నీళ్లు. దాని నుంచి రంగు వస్తోందా, పీహెచ్ ఎంతకు పోతోంది అని చూడటానికి. రెండోదాంట్లో పొడి లేకుండా రాగి నీళ్లు మాత్రమే. మూడో గ్లాసు పీహెచ్ ఎంతకు చేరిందో సున్నపు తేటతో ఈ గ్లాసునూ అంతకు తేవాలి. అందులో తునకలు పడితే ఆ పీహెచ్ దగ్గర చేసే పరీక్ష చెల్లదు, పొడిని మళ్లీ కడగాల్సిందే. మూడోదాంట్లో పొడి, రాగి నీళ్లు కలిపి.

పరీక్ష చేసే పద్ధతి

స్కూల్లో సీసం, కాడ్మియం, క్రోమియం, పాదరసం లవణాలు తేవద్దు. పద్ధతి నేర్చుకోవడానికి రాగి సరిపోతుంది.

నీళ్లు బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ అయితే మంచిది. మన బోర్ల నీళ్లలో గడుసుదనం ఎక్కువ, అందులోని కాల్షియం కూడా కొక్కేల కోసం పోటీకి వస్తుంది. మైలుతుత్తంలో నాలుగో వంతు బరువు మాత్రమే రాగి, మిగతాది సల్ఫేట్, నీళ్లు. 4 గ్రాములు తూచి లీటరులో కరిగిస్తే రాగి లీటరుకు సుమారు 1,000 మిల్లీగ్రాములు ఉంటుంది. అందులో 100 మిల్లీలీటర్లు తీసి లీటరు చేస్తే 100. నేరుగా 0.4 గ్రాము తూచబోతే చిన్న కాటా తప్పు చూపిస్తుంది, ఇలా పలచన చేసుకోవడమే నయం.

ఆ 100 బలం ఉన్న నీళ్లు కంటికి దాదాపు తెల్లగానే ఉంటాయి. అమోనియా కలిపితే అసలు రంగు బయటపడుతుంది, ముదురు నీలం. కిటికీలు తెరిచి చేయండి, మూత తీయగానే ముక్కు మండుతుంది. ముందుగా పోల్చి చూసుకునే పరీక్ష నాళికలు తయారు చేసుకోండి: 100, 50, 25, 10, ఇంకొకటి ఉత్త నీళ్లు. ఒక్కోదాంట్లో 10 మిల్లీలీటర్లు పోసి, 1 మిల్లీలీటరు అమోనియా కలిపి, కింద తెల్ల కాగితం పెట్టి పక్క నుంచి కాకుండా పైనుంచి కిందికి చూడండి. నీళ్ల లోతు పెరిగిన కొద్దీ రంగు చిక్కగా కనిపిస్తుంది. 10 దగ్గరికి వచ్చేసరికి మా పిల్లల కళ్లలో సగం తడబడతాయి. ఈ పరీక్ష హద్దు అదే. 10 మిల్లీగ్రాముల దగ్గరే తడబడే కన్ను 0.01 దగ్గర ఏం చెప్తుంది? తాగొద్దని మొదట్లోనే చెప్పడానికి కారణం ఇదే.

ఇప్పుడు 100 మిల్లీలీటర్ల రాగి నీళ్లలో అర గ్రాము పొడి వేయండి. పది నిమిషాల తర్వాత పీహెచ్ చూడండి, 5 దగ్గర ఉండాలి. పెరిగితే పలచటి వెనిగర్ చుక్కలతో దించండి. 3 కన్నా తగ్గితే హైడ్రోజన్ అయాన్లే కొక్కేలన్నీ ఆక్రమిస్తాయి, రాగికి చోటు ఉండదు. 6కు చేరితే బోర్డో మిశ్రమం కథ మొదలవుతుంది. రెండు గంటలు మధ్యమధ్య ఊపుతూ ఉంచి, మళ్లీ పీహెచ్ చూసి రాసుకుని, ఫిల్టర్ పేపర్‌తో వడకట్టి, ఆ తర్వాతే అమోనియా కలపండి. ముందే కలిపితే తునకలుగా దిగిన రాగి ఏదైనా ఉంటే మళ్లీ కరిగి లెక్క తప్పుతుంది. ఉత్త పొడి గ్లాసులోని నీళ్లకు కూడా అమోనియా కలపడం మర్చిపోవద్దు. పొడి నుంచి రంగు ఏమైనా దిగితే అమోనియాతో ఇంకా ముదురుతుంది, అది తెలియకపోతే నీలానికి బదులు ఆకుపచ్చ కనిపించి తికమక పడతారు.

లెక్క చిన్నదే. వడకట్టిన నీళ్లు 10 నాళికతో సరిపోయాయి అనుకుందాం. 100 నుంచి 10కి దిగింది, లీటరుకు 90 మిల్లీగ్రాములు పోయింది. మన దగ్గర ఉన్నది లీటరులో పదో వంతు కాబట్టి పోయిన రాగి 9 మిల్లీగ్రాములు. పొడి అర గ్రాము. అంటే గ్రాము పొడి 18 మిల్లీగ్రాముల రాగిని పట్టుకుంది. శాతాలు చెప్పి ఆగిపోకండి. పొడి ఎక్కువ వేస్తే శాతం ఎంతైనా వస్తుంది. గ్రాముకు ఎంత అన్నదే పొడి సత్తా చెప్పే అంకె. అదే పొడితో, అదే బలం నీళ్లతో మూడుసార్లు చేసి, మూడు అంకెలూ చార్టు మీద పెట్టండి. ఒక్కటి తేడాగా వచ్చినా దాచొద్దు.

సీసాలో నింపి వాడాలంటే

రెండు లీటర్ల సోడా సీసా అడుగు కోసి తలకిందులుగా నిలపండి. మూతికి దూది, దాని మీద కడిగిన ఇసుక రెండు అంగుళాలు. పొడిని రాత్రంతా నానబెట్టి, అప్పుడు నింపండి. పొడిగా నింపితే సీసా లోపలే ఉబ్బి దారి మూసేస్తుంది. మాకు అలాగే ఒకసారి చుక్క కూడా దిగలేదు. పొడికి సమానంగా కడిగిన పల్లికాయ పొట్టు ముక్కలు కలిపితే గుల్లగా ఉండి నీళ్లు సాఫీగా దిగుతాయి. పైన మళ్లీ కొంచెం ఇసుక.

నీళ్లు పొడితో కనీసం పావుగంట ఉండాలి. పొడి పట్టిన చోటు అర లీటరు ఉంటే గంటకు రెండు లీటర్లకు మించి వదలొద్దు, సెలైన్ సెట్ చక్రంతో చుక్కలు తగ్గించుకోవచ్చు. పెంబర్తి లాంటి చోట్ల ఇత్తడి పని చేసేవాళ్లు సామాను యాసిడ్‌తో కడిగిన నీళ్ల మీద ప్రయత్నించాలంటే ముందు పీహెచ్ చూడాలి. యాసిడ్ నీళ్లను నేరుగా పోస్తే పొడి ఏమీ పట్టదు, పట్టింది కూడా వదిలేస్తుంది. కొద్దికొద్దిగా సున్నం కలిపి, దిగిన మడ్డిని వడకట్టి వేరు చేసి, మిగిలిన తేటను 5 దగ్గరకు తెచ్చి సీసాలో పోయాలి. ఎక్కువ లోహాన్ని సున్నమే దించుతుంది, మిగిలిన కాస్తను పొడి పడుతుంది. రెండింటి పనీ అవసరమే. ఆ నీళ్లను బయటికి వదలాలంటే కాలుష్య నియంత్రణ మండలి హద్దులు వర్తిస్తాయి, ల్యాబ్ రిపోర్టు లేకుండా వదలకూడదు.

బత్తాయి దొరకని చోట నారింజ తొక్క ఇంతే బాగా పనిచేస్తుంది. పల్లికాయ పొట్టు, మక్క బెండ్లు, పత్తి కట్టె మన పల్లెల్లో గుట్టలుగా ఉంటాయి. వాటిలో పెక్టిన్ తక్కువ, అందుకని నిమ్మ ఉప్పు ద్రావణంలో నానబెట్టి ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర కాల్చి కొత్త ఆమ్ల సమూహాలు అతికిస్తారు. అది కాలేజీ ల్యాబ్‌లో చేసే పని. వరి ఊకలో ఇసుక లాంటి సిలికా ఎక్కువ, ఉన్నదున్నట్టుగా అది పట్టేది కొంచెమే.

పట్టిన లోహం ఎక్కడికి పోయింది

ఎక్కడికీ పోలేదు. పొడిలో ఉంది. నీళ్లలో పలచగా ఉన్నది ఇప్పుడు పిడికెడు పొడిలో చిక్కగా చేరింది. నేను చూసిన ఎన్నో ప్రాజెక్టుల్లో చివరి చార్టు "నీరు శుద్ధి అయింది" దగ్గరే ఆగిపోతుంది. ఆ పక్కనే వాడిన పొడి చెత్తబుట్టలో ఉంటుంది. అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

వాడిన పొడిని పెంటకుప్పలో వేయొద్దు, ఎరువుతో పాటు పొలానికి చేరుతుంది. బర్రెలకు బత్తాయి తొక్క వేయడం మనకు అలవాటే, పొరపాటున కూడా ఈ పొడి వాటి ముందుకు పోకూడదు. పొయ్యిలో వేసి కాల్చొద్దు, లోహం కొంత పొగలో, మిగతాది బూడిదలో ఉంటుంది. పరీక్ష నాళికల్లో మిగిలిన రాగి నీళ్లను సింకులో పోయొద్దు. రాగి చేపలకు, చెరువు నాచుకు విషం. మన ఊళ్లలో కాలువలో పోసింది చివరికి ఏదో ఒక చెరువుకే చేరుతుంది.

కాలేజీ ల్యాబ్ అందుబాటులో ఉంటే పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పొడిని కడిగి లోహాన్ని తిరిగి తీయొచ్చు. ఆ కొద్ది ఆమ్లంలో రాగి అంతా చిక్కగా దిగుతుంది, దాన్ని సున్నంతో ముద్దగా చేసి దాచొచ్చు. పొడిని మళ్లీ సున్నపు నీళ్లలో ఉంచి ఇంకో విడత వాడొచ్చు, కాకపోతే ప్రతి విడతకూ సత్తా ఎంత తగ్గిందో కొలవాలి.

అంత వీలు లేకపోతే, రాగి నీళ్లన్నీ ఒక డబ్బాలో పోసి, సున్నం వేసి, మడ్డి దిగాక తేటకు అమోనియా పరీక్ష చేసి చూడండి. మడ్డిని, వాడిన పొడిని ఎండబెట్టి గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. పక్కనున్న కాలేజీ కెమిస్ట్రీ విభాగం వాళ్లను ముందే అడిగి పెట్టుకుంటే వాళ్ల ల్యాబ్ వ్యర్థాలతో పాటు పంపించే వీలుంటుంది. ప్రమాదకర వ్యర్థాలను తీసుకునే కేంద్రం హైదరాబాద్ దగ్గర దుండిగల్‌లో ఉంది. చెరిగిపోని మార్కర్‌తో డబ్బా మీద ఇలా రాయండి: రాగి పట్టిన బత్తాయి పొడి, ఇన్ని గ్రాములు, ఈ తేదీ, మూత తీయొద్దు. మూత మీద కాకుండా డబ్బా పక్కన రాయండి, మూతలు మారిపోతుంటాయి.